గోదాము, హమాలీ, చీటీ
మిథ్యాయంత్రాలలో ప్రత్యక్ష స్మృతి ప్రవేశం
(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



షోలాపూరులో మొదటి నూలుమిల్లు 1877లో ఆరంభమైంది. ఆ మిల్లు, దాని వెనుక వచ్చిన మిల్లులు, ఆ నూలుతో బ్రతికిన మగ్గాలు తెలంగాణ పల్లెలనుండి పద్మశాలి కుటుంబాలను ఇక్కడికి రప్పించాయి. ఈ పేటలలో పుట్టిన బిడ్డకు లాలిపాటకంటె ముందు మగ్గం చప్పుడు వినిపిస్తుంది. షోలాపూరు చద్దరు నేసే మగ్గంమీద తలపైన ఉండే జకార్డు పెట్టె, దానిలోనికి ఒకదాని వెంట ఒకటిగా దిగే చిల్లుల అట్టలు ఇక్కడ ఎవరికీ వింత కాదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో జోసెఫ్ మారీ జకార్డు ఈ సాధనాన్ని రూపొందించకముందు, పూలబట్ట నేయాలంటే మగ్గం పక్కన ఒక కుర్రవాడు నిలిచి, ఏ పోగు లేవాలో ఆ త్రాడు లాగుతూ ఉండవలసి వచ్చేది. జకార్డు వచ్చాక అట్టకు, కొక్కానికి నడుమ మనిషి లేడు. నేతగాడు తొక్కుడుచెక్క తొక్కుతాడు. ఏ పోగు లేవాలో అట్ట చెబుతుంది. ఆ అట్టలను చూచే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ 1830లలో తన గణనయంత్రానికి ఆజ్ఞలు ఇచ్చే పద్ధతి ఊహించాడు.

నడుమనున్న మనిషిని తప్పించి, పని నేరుగా జరిగేటట్లు చేయడమనే ఈ ఆలోచన కంప్యూటరులో మరొక చోట మళ్ళీ కనిపిస్తుంది. దాని పేరు డైరెక్ట్ మెమరీ యాక్సెస్. తెలుగులో ప్రత్యక్ష స్మృతి ప్రవేశం అనవచ్చు. వాడుకలో డి.ఎం.ఎ. అంటారు. దానివల్ల కలిగే మేలు చిన్నది కాదు. అయితే ఒకే యంత్రాన్ని నలుగురు పంచుకొన్నప్పుడు అదే పెద్ద ప్రమాదం కూడా అవుతుంది. ఈ ప్రసంగం ఆ ప్రమాదాన్ని గురించి, దానిని అరికట్టడానికి అరవైయేండ్లుగా జరిగిన ప్రయత్నాలను గురించి.

ఒక కార్ఖానాను ఊహించుకొంటే విషయం సులభమవుతుంది. యజమాని చురుకైనవాడు, లెక్కలు, బేరాలు, నమూనాలు అన్నీ అతనే చూస్తాడు. ఇతడే కంప్యూటరులోని ప్రాసెసరు. వెనుక అరలుగా కట్టిన పెద్ద గోదాము ఉంది. ప్రతి అరకూ ఒక అంకె. అది స్మృతి, అంటే మెమరీ. వాకిట్లో నూలు బేళ్ళతో బండి వచ్చి నిలుస్తుంది. ఆ బండి డిస్కు కావచ్చు, నెట్‌వర్కు కార్డు కావచ్చు. ఒక్కొక్క బేలును యజమానే మోసుకొనిపోయి అరలో పెడితే అతని పూట అంతా మోతకే సరిపోతుంది. అందువల్ల ఒక హమాలీని పెట్టుకొంటాడు. చీటీమీద మూడు మాటలు వ్రాసి ఇస్తాడు: ఏ అరనుండి మొదలు, ఎన్ని బేళ్ళు, లోపలికా బయటికా. హమాలీ పని ముగించి గంట కొడతాడు. అంతవరకు యజమాని తన లెక్కలు తాను చూసుకొంటాడు. ఆ గంటనే ఇంటరప్ట్ అంటారు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ పి.సి. విడుదల చేసినప్పుడు అందులో ఈ హమాలీ పని చేసినది ఇంటెల్ వారి 8237 అనే చిప్పు. ఫ్లాపీ డిస్కునుండి వచ్చే సమాచారం దాని రెండవ ఛానల్ ద్వారానే స్మృతిలోకి చేరేది.

ఈ హమాలీని గురించి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అతడు చీటీలోని అంకెను తప్ప మరేమీ చూడడు. ఆ అరలో ముందే ఏమున్నదో, అది ఎవరిదో విచారించడు. పైగా మొత్తం గోదాము తాళంచెవి అతని మొలలోనే ఉంటుంది.

ఇప్పుడు మిథ్యాయంత్రం సంగతి. తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారు అద్దంలో కనిపించేది మిథ్యా ప్రతిబింబమని నేర్చుకొన్నారు. ఇంగ్లీషులో ఆ ప్రతిబింబానికి ముందున్న మాటా, వర్చువల్ మెషీన్‌కు ముందున్న మాటా ఒక్కటే. అద్దం వెనుక ఎవరూ లేరని తెలిసినా దానిని చూచే తల దువ్వుకొంటారు. మిథ్య అన్నంత మాత్రాన అక్కరకు రానిది కాదు. తెలుగులో చదివితే బిడ్డ వెనుకబడిపోతాడేమోనని బెంగపడే తల్లిదండ్రులు ఈ సభలో లేకపోలేదు. కంప్యూటరు విద్యార్థులు పుటలకొద్దీ చదివే ఈ భావానికి తొమ్మిది, పది తరగతుల పాఠంలోని ఆ ఒక్క తెలుగు మాట తలుపు తెరుస్తుంది.

పెద్ద భవనం ఒకటే. అందులో నాలుగు కార్ఖానాలు అద్దెకు ఉన్నాయి. ప్రతి కార్ఖానాదారుకూ ఈ భవనమంతా తనదేననే భ్రమ కల్పించారు. ప్రతివాని చిట్టాలోనూ అరల అంకెలు ఒకటితోనే మొదలవుతాయి. నిజానికి మొదటివాని పన్నెండవ అర భవనంలోని మూడువందల ఎనిమిదవ అర కావచ్చు. రెండవవాని పన్నెండవ అర మరెక్కడో ఉండవచ్చు. ఎవరి ఏ అంకెకు ఏ నిజమైన అంకె అన్నది భవన నిర్వాహకుని దగ్గరున్న పట్టికలో ఉంటుంది. ఈ నిర్వాహకునికి హైపర్‌వైజర్ అని పేరు. పట్టికలో లెక్క సాధారణంగా 4,096 బైట్ల పుటలలో సాగుతుంది. కార్ఖానాదారు స్వయంగా గోదాములోకి వెళ్ళినప్పుడు ప్రాసెసరులోని యంత్రాంగమే ఆ పట్టికను చూచి సరియైన అరకు చేరుస్తుంది. అంతవరకు చిక్కు లేదు.

చిక్కు హమాలీతో వస్తుంది. పట్టిక సంగతి అతనికి తెలియదు. రెండవ కార్ఖానాదారు అమాయకంగా 'పన్నెండవ అర' అని చీటీ వ్రాసి ఇస్తాడు. హమాలీ భవనంలోని నిజమైన పన్నెండవ అరకే పోతాడు. అక్కడ మూడవ కార్ఖానాదారు నేసి మడిచి పెట్టిన తువాళ్ళున్నాయి. వాటిని తీసి పారవేసి నూలు బేలు దించుతాడు, గంట కొడతాడు. చీటీ వ్రాసినవానికి తన నూలు కనిపించదు. తువాళ్ళవానికి నష్టం జరిగినట్లే తెలియదు. గిరాకీ వచ్చి సరుకు అడిగిననాడు బయటపడుతుంది. మగ్గంమీద అట్టల వరుస తప్పితే పూవు చెడటం ఆ చద్దరులోనే కంటికి కనిపిస్తుంది. స్మృతిలో పడిన తప్పు అట్లా కనబడదు. ఎవరిదో జీతపు లెక్కలో ఒక అంకె మారిపోయి, నెలలు గడిచాక, ఎక్కడ మారిందో ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది. నేడు బ్యాంకు ఖాతాలు, పరీక్షాఫలితాలు, చద్దరు దుకాణంలో ఫోనుతో చెల్లించే సొమ్ము మొదలైన వాటి లెక్కలు నిలిచే యంత్రాలలో చాలా భాగం ఇటువంటి అద్దెభవనాలే కనుక, ఈ తువాళ్ళు ఎవరివైనా కావచ్చు.

ఈ చిక్కును మొదట ఎదుర్కొన్నది ఐ.బి.ఎం. ఇంజనీర్లు. 1960ల చివరిలో అమెరికాలోని కేంబ్రిడ్జిలో వారు సిస్టం 360 మోడల్ 67 యంత్రంమీద సి.పి.-67 అనే వ్యవస్థను నడిపారు. ఒకే పెద్ద యంత్రం అనేకులకు వేరువేరు యంత్రాలుగా కనిపించేది. ఆ యంత్రాలలో హమాలీలకు ఛానల్ అని పేరు. వారికిచ్చే చీటీ ఒక చిన్న ప్రోగ్రామే. సి.పి.-67 ఆ చీటీని నేరుగా హమాలీ చేతికి పోనిచ్చేది కాదు. దానికి మరొక ప్రతి వ్రాసి, అందులో కల్పిత అంకెల స్థానంలో నిజమైన అంకెలు వేసి, పని ముగిసేవరకు ఆ పుటలు కదలకుండా బిగించి, ఆ ప్రతినే ఇచ్చేది. పాతకాలపు గుమాస్తా పద్ధతి ఇది. ఒక పట్టున మాత్రం గుమాస్తాకు తలనొప్పి: కొన్ని ప్రోగ్రాములు పని నడుస్తుండగానే తమ చీటీని తామే దిద్దుకొనేవి. అసలు చీటీలో చేసిన దిద్దుబాటు ప్రతిలోకి రాదు కదా!

ఇదే సమస్య ఇరవైయేండ్ల తరువాత సామాన్యుని బల్లమీది కంప్యూటరులోకి దిగింది. మైక్రోసాఫ్ట్ 1990లో విండోస్ 3.0, 1992లో 3.1, 1995లో విండోస్ 95 తెచ్చింది. పాత డాస్ ప్రోగ్రాములు తమకు యంత్రమంతా సొంతమనుకొని వ్రాసినవి. విండోస్ వాటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క మిథ్యాయంత్రం కల్పించి, పరికరాల పంపకం కోసం వర్చువల్ డివైస్ డ్రైవర్లను, అంటే మిథ్యాపరికర చోదకాలను, నడుమ నిలిపింది. వాటిని వి.ఎక్స్.డి.లు అనేవారు, ఎక్స్ అన్న అక్షరం ఉన్నచోట పరికరం పేరు వస్తుంది. డి.ఎం.ఎ. బాధ్యత మోసిన చోదకం వి.డి.ఎం.ఎ.డి. పేరు పలకడానికి నోరు తిరగదు గాని, అది చేసిన పని ముచ్చటైనది.

డాస్ ఆట ఒకటి సౌండ్ బ్లాస్టర్ కార్డుద్వారా ధ్వని వినిపించదలచింది. అది తన అలవాటుకొద్దీ 8237 చిప్పుకు చిరునామా, లెక్క వ్రాయబోతుంది. ఆ వ్రాత చిప్పుకు చేరదు, వి.డి.ఎం.ఎ.డి. దారిలోనే పట్టుకొని తన పుస్తకంలో వ్రాసుకొంటుంది. ఆట 'ఇక మొదలుపెట్టు' అన్న క్షణంలో చోదకం మూడు సంగతులు విచారిస్తుంది. ఆట చెప్పిన అరలు నిజమైన గోదాములో వరుసగా ఉన్నాయా? మిథ్యాయంత్రంలో పక్కపక్కన ఉన్న పుటలు నిజంలో తలొక మూల ఉండవచ్చు. చిప్పుకేమో వరుసగా నడవడం తప్ప రాదు. రెండవది, ఆ వరుస 64 కిలోబైట్ల గది హద్దును దాటుతుందా? చిప్పుకు పదహారు బిట్ల లెక్కే వచ్చు. గది చివరకు చేరితే పక్క గదిలోకి అడుగుపెట్టకుండా అదే గది మొదటికి తిరిగివస్తుంది. మూడవది, ఆ అరలు పదహారు మెగాబైట్లకు లోబడి ఉన్నాయా? నాటి కార్డులకు ఆ పైన గోదామున్నదనే తెలియదు.

అన్నీ అనుకూలిస్తే ఆ పుటలను బిగించి, నిజమైన చిరునామాను చిప్పుకు వ్రాస్తుంది. ఏ ఒక్కటి కుదరకపోయినా తన సొంత అరలను వాడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడే ఈ చోదకం, అన్ని హద్దులకూ లోబడిన చోట, వరుసగా ఉండే కొంత స్థలం దాచిపెట్టుకొనేది. మామూలుగా 16 కిలోబైట్లు, కావలసినవారు అమరికల ఫైలులో పెంచుకోవచ్చు. బయటికి పోయే సరుకైతే ముందు ఆట అరలనుండి ఈ స్థలానికి నకలు చేసి హమాలీని పిలుస్తుంది. లోపలికి వచ్చే సరుకైతే హమాలీ ఇక్కడ దించుతాడు. గంట మ్రోగాక చోదకం దానిని ఆట అరలకు చేరుస్తుంది. రెండుసార్లు మోత, నిజమే. అయినా ఫ్లాపీ డిస్కు వేగానికి ఆ రెండవ మోత ఎవరికీ కనిపించేది కాదు. కార్ఖానా ఉపమానం ఇక్కడ కొంత తడబడుతుంది: యజమాని హమాలీకంటె ఎన్నోరెట్లు వేగంగా మోయగలవాడన్నమాట!

ఇంకొక రకం కార్డులు కూడా వచ్చాయి. అవి చిప్పును ఆశ్రయించవు. తమ హమాలీని తామే వెంట తెచ్చుకొంటాయి. దీనిని బస్ మాస్టరింగ్ అన్నారు. ఒక్కొక్క కార్డు చీటీ ఒక్కొక్క తీరులో ఉంటుంది కనుక, నడుమ నిలిచి పట్టుకోవడం విండోస్‌కు సాధ్యం కాలేదు. అప్పుడు ఒక ఒప్పందం ఏర్పడింది. కార్డును నడిపే డాస్ ప్రోగ్రాము తానే చొరవచేసి, 'నా పన్నెండవ అరకు నిజమైన అంకె ఏది? దానిని కాసేపు బిగించి ఉంచు' అని అడగాలి. వర్చువల్ డి.ఎం.ఎ. సర్వీసెస్ అని దానికి పేరు. అద్దెదారు తాను అద్దెదారునని ఒప్పుకోవడమే ఇందులోని కీలకం. ఈ వ్యవహారంలో అన్నిటికంటె నిజాయితీగల పరిష్కారం ఇదేననిపిస్తుంది.

1999లో వి.ఎం.వేర్ సంస్థ మామూలు పి.సి.మీద మొత్తం యంత్రాన్నే మిథ్యగా నడిపే వర్క్‌స్టేషన్ అనే సాఫ్ట్‌వేరు విడుదల చేసింది. ఇక్కడ అద్దెదారు చూచే నెట్‌వర్కు కార్డు అసలు లేనేలేదు. లేని కార్డుకు అతడు చీటీ వ్రాస్తాడు. నిర్వాహకుని ప్రోగ్రాము ఆ చీటీ చదివి, పట్టిక చూచి, సరుకును తానే అతని అరలో ఉంచి, ఉత్తుత్తి గంట కొడుతుంది. నిజమైన హమాలీకి అద్దెదారు చీటీ ఎప్పుడూ అందదు కనుక పొరుగువాని తువాళ్ళకు ఆ దారిన భయం లేదు. ఖర్చు మరో రూపంలో వస్తుంది. అద్దెదారు కార్డును తాకినప్పుడల్లా ప్రాసెసరు అతని ప్రపంచాన్ని విడిచి నిర్వాహకుని ప్రపంచంలోకి వచ్చి, మళ్ళీ తిరిగిపోవాలి. ఈ గడప దాటడాలకే చాలా కాలం పట్టేదని ఆ సంస్థ ఇంజనీర్లే 2001లో ఒక పత్రంలో వివరించారు. దీనికి మందుగా, లేని కార్డును ఉన్నట్లు నటించడం మాని, ఇరువురూ చూడగలిగే ఒక చీటీల వరుసను పంచుకొనే పద్ధతులు వచ్చాయి. లినక్సులో రస్టీ రస్సెల్ రూపొందించి 2008లో వివరించిన వర్టియో వాటిలో ప్రసిద్ధమైనది. చీటీలు గుత్తంగా పోగుచేసి ఒక్కసారి పిలిస్తే చాలు. డాస్‌నాటి ఒప్పందానికి ఇది మనుమడు.

అయితే ఉత్తుత్తి పరికరాన్ని నడిపేదీ మనిషి వ్రాసిన ప్రోగ్రామే. 2015 మే నెలలో వెనమ్ అనే లోపం బయటపడింది. క్యూఎము అనే సాఫ్ట్‌వేరులోని మిథ్యా ఫ్లాపీ పరికరం తనకు వచ్చిన సమాచారాన్ని నిలిపే చోట హద్దు సరిగా చూడలేదు. అద్దెదారు కావాలని ఎక్కువ సమాచారం నింపితే నిర్వాహకుని గదిలోకే చొరబడే వీలుండేది. అది డి.ఎం.ఎ. దారిలోని తప్పు కాదు గాని, హద్దు చూడని మిథ్యాపరికరం ఎంత చేటు చేయగలదో చూపింది. 2004నుండి ఆ లోపం అందులోనే ఉంది. బజారులో ఫ్లాపీ దొరకని కాలం వచ్చింది; దాని నీడ మాత్రం లక్షల యంత్రాలలో మిగిలి, ఎవరూ చూడని కిటికీ అయింది.

అన్నిటిలో పెద్ద మార్పు గోదాము గుమ్మంవద్ద జరిగింది. 2006 ప్రాంతంలో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు తమ యంత్రాలకు ఐ.ఒ.ఎం.ఎం.యు. అనే యంత్రాంగం వివరాలు ప్రకటించాయి. ఇది హమాలీల దారిలో నిలిపిన కాపరి. ప్రతి పరికరానికీ ఒక పట్టిక ఇతని దగ్గరుంటుంది. రెండవ కార్ఖానాకు కేటాయించిన కార్డు 'పన్నెండు' అంటే, కాపరి పట్టిక చూచి నిజమైన అరకు పంపుతాడు. పట్టికలో లేని అంకె చెబితే లోపలికి రానివ్వక నిర్వాహకునికి కబురు పెడతాడు. దీనితో నిజమైన కార్డునే ఒక అద్దెదారుకు అప్పగించడం సాధ్యమైంది. లినక్సులో 2012లో చేరిన వి.ఎఫ్.ఐ.ఒ. ఈ అప్పగింతను నిర్వహిస్తుంది. చీటీలకు నకళ్ళు లేవు, రెండవ మోత లేదు. జకార్డులో అట్టకు, కొక్కానికి మధ్య ఎవరూ లేనట్లే. కాపరి ఉన్నా అతనికిచ్చే పట్టిక ఉదారంగా వ్రాస్తే లాభం లేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో థండర్‌క్లాప్ అనే పేరుతో ఈ సంగతినే చూపారు: పనికి కావలసిన అరలతోపాటు పక్క అరలనూ ఆపరేటింగ్ సిస్టములు పరికరాలకు తెరిచి ఉంచుతున్నాయని.

ఈ సౌకర్యానికి చెల్లించే మూల్యం ఒకటుంది. ఉద్యోగరీత్యా పూణే, హైదరాబాదు సంస్థలలో ఈ యంత్రాలను నడుపుతున్న పూర్వవిద్యార్థులకు ఇది నిత్యానుభవం. హమాలీ ఎప్పుడు ఏ అరకు వస్తాడో తెలియదు కనుక, సాధారణంగా అద్దెదారు అరలన్నిటినీ మొదటినుండీ కదలకుండా బిగించి ఉంచాలి. ఖాళీగా ఉన్న అరను మరొకరికి ఇచ్చి పొదుపు చేయడం కుదరదు. నడుస్తున్న కార్ఖానాను మగ్గాలు ఆపకుండా మరొక భవనానికి తరలించడం అనే విద్య ఒకటున్నది. అరలలోని సరుకును కొత్త భవనానికి నకలు చేస్తూ, ఈలోపల ఏ అర మారిందో గుర్తుపెట్టుకొని దానిని మళ్ళీ నకలు చేస్తారు. అద్దెదారు తానే మార్చిన అర నిర్వాహకునికి తెలుస్తుంది. హమాలీ కాపరి గుమ్మంద్వారా వచ్చి మార్చిన అర అతని పుస్తకానికి ఎక్కదు. తరలించిన తరువాత కొత్త గోదాములో పాత నూలే కనిపిస్తుంది. అందువల్ల తరలింపుకు ముందు నిజమైన కార్డును తీసివేసి, కాసేపు వర్టియో చీటీల వరుసతో నడిపి, కొత్త భవనం చేరాక అక్కడి కార్డును తిరిగి అప్పగించే పద్ధతిని చాలాకాలం అనుసరించారు. హమాలీ తాకిన అరలను తానే గుర్తుపెట్టి చెప్పగల కాపరులు, తన స్థితిని తానే మూటగట్టి ఇవ్వగల కార్డులు ఇటీవలి యేండ్లలో వస్తున్నాయి. అవి లేని యంత్రాలలో నేటికీ, తరలింపు రాత్రి వచ్చిందంటే, కార్డును విడదీసి హమాలీని ముందు బయటికి పంపవలసిందే.